పొరుగూరి పిట్ట

కోస్తా నుంచి కర్నూలుకు బదిలీ మీద వచ్చినవాళ్లు ముందు ఎండను తిడతారు, ఆ తరవాత నీళ్లను. పిట్టల ఊసెత్తేవాళ్లు తక్కువ. ఎత్తితే మాత్రం వచ్చే మాట ఒకటే: "ఇక్కడ పిట్టలే లేవండీ!" కృష్ణా కాలవ గట్టున పెరిగిన కంటికి అలా అనిపించడంలో వింతేం లేదు. డెల్టాలో పిట్ట మనకు ఎదురొస్తుంది. దమ్ము చేసే మడిలో కొంగలు ట్రాక్టర్ వెనకే నడుస్తాయి, కరెంటు తీగ మీద లకుముకి పిట్ట నీలంగా మెరుస్తుంది, తూటికాడల మధ్య నీటికోళ్లు ఎగిరెగిరి పడతాయి. మనిషి కంట పడకూడదన్న తాపత్రయం వాటికి లేదు.

కల్లూరు మండలంలో చిన్నటేకూరో ఉలిందకొండో దాటి, వేరుశనగ పీకేసిన ఎర్రచేలోకి దిగితే లెక్క మారిపోతుంది. డెల్టాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడితే ఇక్కడ పడేది ఆరేడు వందలు. నైరుతి మబ్బు తెచ్చిన నీళ్లలో చాలావరకు పడమటి కనుమలే పట్టేసుకుంటాయి. వాన తక్కువైన చోట చెట్టు దూరం దూరంగా ఉంటుంది, పొద పలచబడుతుంది. అలాంటి చోట చాలా పిట్టలకు తిండీ గూడూ అన్నీ నేల మీదే. గుడ్డు కూడా గులకరాళ్ల మధ్యే పెడతాయి. కాబట్టి గద్ద కంటికి, నక్క కంటికి, గొర్రెల కాపరి కుక్క కంటికి కనపడకుండా ఉండడం మీదే వాటి బతుకంతా ఆధారపడి ఉంది. వందలు వేల తరాలుగా ఆ కళ్లకు దొరక్కుండా తప్పించుకున్నవే మిగిలాయి. మొన్న బస్సు దిగిన మన కంటికి అంత తేలిగ్గా దొరుకుతాయా?

పావుగంట కదలకుండా నిలబడితే చేను కదలడం మొదలవుతుంది. మట్టిగడ్డ అనుకున్నది నాలుగడుగులు పరుగెత్తి ఠక్కున ఆగుతుంది. నిటారుగా నిలబడి అటూ ఇటూ చూస్తుంది, ముందుకు వంగి ఏదో పురుగును కరుచుకుంటుంది, మళ్లీ పరుగు. కాళ్లు పొడుగు, పాలిపోయిన తెలుపు. నెత్తి ఇటుక రంగు. కంటి మీదుగా ఒక నల్లగీత, దాని పైన ఒక తెల్లగీత. తల చుట్టూ వెనక్కి పోయి అక్కడ కొసలు కలుపుకుంటాయి. రొమ్ము కావి రంగు, పొట్ట నడిమిన నల్లమచ్చ. ఇది ఇండియన్ కోర్సర్. 1789లో గ్మెలిన్ అనే శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు కోరమాండల్ తీరం పేరు తగిలించాడు. ఆ పేరు మోస్తున్నా దీనికి కావలసింది ఇలాంటి బోడినేల, బీడు. వరిపొలం మధ్య దీన్ని వెతికితే ఏళ్లు గడిచినా కనపడదు.

అదే చేలో ఇంకాస్త అవతల ఒక తీతువు ఉంటుంది. తీతువు డెల్టా మనిషికి తెలియని పిట్టేం కాదు. రాత్రిపూట ఇంటి మీదుగా అరుస్తూ పోతే అపశకునమని పెద్దవాళ్లు తిట్టుకునే పిట్టే. కానీ ఇక్కడి తీతువును ఒకటికి రెండుసార్లు చూడాలి. మనకు తెలిసినదానికి ముక్కు మొదట్లో ఎర్రటి తోలు ఉంటుంది, గొంతూ రొమ్మూ నలుపు. దీనికి ఆ తోలు పసుపుపచ్చ, నెత్తి మీద నల్లటోపీ, రొమ్ము నల్లగా ఉండదు. ఎర్రతోలు తీతువు నీళ్లను వదిలి ఎక్కువ దూరం పోదు. పచ్చతోలుది మెట్టనేలదే. కల్లూరు పక్కన హంద్రీ ఒడ్డున మొదటిది, ఒడ్డెక్కి మెట్టచేలోకి పోతే రెండోది. రెండింటి మధ్య దూరం కిలోమీటరు కూడా ఉండకపోవచ్చు. పిట్టల పంపకం జిల్లా సరిహద్దుల ప్రకారం జరగదు. నీళ్లు, మట్టి, గడ్డి ఎత్తు, పొదల దట్టం, వీటి ప్రకారం జరుగుతుంది. అందుకే ఊరు మారితే పిట్ట మారిందంటాం గానీ, నిజానికి ఒకే ఊళ్లో కూడా కాలవ దాటితే మారుతుంది. మన ఊళ్లో అది మనకు పట్టదు, అంతే.

పరాయి ఊళ్లో కళ్లు తెరుచుకోవడానికి కారణం కూడా అదే. ఇంటి దగ్గర మెదడు పిట్టలను చూడడం ఎప్పుడో మానేసింది. కాకి, గోరింక, పసుల పోలిగాడు అని ముద్ర వేసి పక్కన పెట్టేస్తుంది. ఆ ముద్రకు సరిపోనిది ఎదురైనప్పుడే ఆగి చూస్తుంది. ఇంటి దగ్గర పిట్టలు ఎంత బాగా తెలిస్తే కొత్త పిట్ట అంత త్వరగా కొత్తదని తెలుస్తుంది. పసుల పోలిగాడి తోక చివర చీలిక ఎలా ఉంటుందో ఎరిగినవాడికే, కల్లూరు కంపచెట్టు కొన మీద కూర్చున్న బూడిదరంగు పిట్ట తోకలో చీలిక లేదని, కళ్లకు నల్లపట్టీ ఉందని, ముక్కు కొన కిందికి వంగిందని కనపడుతుంది. అది కీచురాయిని, తొండపిల్లను పట్టి ముళ్లకు గుచ్చి దాచుకునే ష్రైక్. పక్షుల పుస్తకం కొనుక్కోబోయే ముందు మీ పెరటి పిట్టల్లో ఓ పాతిక నేర్చుకోండని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఎవరూ వినరు, ముందు కెమెరా కొంటారు.

కొత్త పిట్ట కనపడగానే మనసు పేరు కోసం పరుగెడుతుంది. పేరు ఆఖరున చూసుకోవచ్చు. పిట్ట మనకిచ్చే గడువు పది సెకన్లో ఇరవయ్యో. ఆ కాసేపట్లో పుస్తకం తిరగేసేవాడికి తల ఎత్తేసరికి కొమ్మ ఖాళీ. ముందు పరిమాణం: పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? తరవాత ముక్కు, కాళ్లు, తోక. ఏం చేస్తోంది, నడుస్తోందా, గెంతుతోందా, పరుగెత్తి ఆగుతోందా? రంగు చివర చెప్పినా నష్టం లేదు, ఎందుకంటే ఎండలో రంగు మోసం చేస్తుంది. సాయంకాలపు ఏటవాలు వెలుగులో మామూలు ఊరపిచ్చుక కూడా బంగారు రంగులో కనపడి మతిపోగొడుతుంది. ఎంత పచ్చిగా గీసినా ఒక బొమ్మ గీసుకోవాలి. గీయబోయినప్పుడు గానీ కాళ్ల రంగు చూడలేదని గుర్తుకురాదు.

పావురాన్ని బాగా ఎరిగినవాడికి దొరికే బహుమతి ఒకటుంది. ఎండాకాలం ఉదయం, పొద్దు కాస్త పైకెక్కాక, మెట్టనేలలో మిగిలిన కుంటల వైపు పిట్టలు గుంపులుగా వస్తాయి. దూరం నుంచి పావురాలే అనిపిస్తాయి. కానీ రెక్కలు మరీ సన్నం, తోక సూదిలా మొనదేలి ఉంటుంది, ఎగురుతూ గొంతులో గుడగుడమంటూ ఉంటాయి. దిగాక చూస్తే కాళ్లు కురచ. పొట్ట నేలకు రాసుకుంటూ నడుస్తాయి. పావురం ఇలా నడవదే అనుకున్న క్షణంలో మీరు శాండ్‌గ్రౌస్‌ను పట్టుకున్నట్టే. తెలుగులో పొలంక పిట్ట. ఇది తినేది ఎండు గింజలు, వాటిలో తడి ఉండదు. రోజూ నీళ్లకు రాక తప్పదు. పెద్దపిట్ట ఎగిరి వస్తుంది, మరి ఎగరలేని పిల్లల సంగతి? పావురమైతే పిల్లకు గొంతులోంచి పాలలాంటిది పోస్తుంది. శాండ్‌గ్రౌస్‌కు ఆ సదుపాయం లేదు. మగపిట్ట నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు నానబెట్టుకుంటుంది. ఆ ఈకల పోగులు సన్నగా మెలికలు తిరిగి ఉంటాయి. తడిస్తే విచ్చుకుని నీటిని తమ మధ్య బంధించేస్తాయి. గూటికి ఎగిరిపోయి నిటారుగా నిలబడితే పిల్లలు ఆ ఈకల నుంచి నీళ్లు పీల్చుకుంటాయి. మీడ్-వాల్డో అనే ఇంగ్లండు పక్షిప్రేమికుడు 1896లో ఈ మాట చెబితే చాలామంది పెదవి విరిచారు. 1967లో కేడ్, మెక్లీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆఫ్రికాలో పరిశీలించి నిజమేనని తేల్చారు. అక్కడి నమాక్వా శాండ్‌గ్రౌస్ ఒక్క ప్రయాణంలో దాదాపు 25 మిల్లీలీటర్లు మోయగలదు. మన తీతువులు కూడా వేసవిలో పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. కరువు సీమలో నీళ్లు మోసే తిప్పలు పిట్టలకూ తప్పలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. కొత్త పిట్టను చూసిన ప్రతివాడికీ అది అరుదైనదే అయి ఉండాలని కోరిక. కర్నూలు, కడప జిల్లాలకు వచ్చినవాడికి ఆ కోరిక ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్రపంచంలో అతి అరుదైన పక్షుల్లో ఒకటైన కలివికోడి పేరు ఈ నేలతోనే ముడిపడి ఉంది. పుస్తకాల్లో దాని పేరు జెర్డాన్స్ కోర్సర్. పేరులో కోర్సర్ ఉంది, చేలో కనపడిందీ కోర్సరే, ఇంకేం! ఫొటో పంపి "ఇది కలివికోడేనా?" అని అడిగేవాళ్లకు కొదవలేదు. ఇక్కడ పనికొచ్చే సూత్రం చాలా పాతది: తెలియని పిట్ట ఎదురైతే, ఆ చోట, ఆ రుతువులో ఉండదగిన వాటిలో అతి మామూలుదాన్ని ముందు అనుమానించాలి. అది కాదని తేలాకే తరవాతిది. ఫోన్‌లోని మెర్లిన్ యాప్ కూడా చేసేదదే. మీరున్న చోటూ తేదీ తీసుకుని, అక్కడ జనం నమోదు చేసిన లక్షల పరిశీలనల లెక్కతో ముందు మామూలు పిట్టల పేర్లే చూపిస్తుంది. యాప్‌ను గుడ్డిగా నమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది గానీ, ఆ ఒక్క అలవాటు మాత్రం దాని దగ్గర నేర్చుకోదగ్గదే.

పైగా రెండు కోర్సర్లకూ బతుకు తీరులోనే పొంతన లేదు. ఇండియన్ కోర్సర్ పగటి పిట్ట, బోడినేలలో ఉంటుంది. కలివికోడి రాత్రి పిట్ట. పలచని ముళ్లపొదల అడవిలో, పొదకూ పొదకూ మధ్య ఉన్న ఖాళీలో తిరుగుతుంది. కళ్లు పెద్దవి. రొమ్ముకు అడ్డంగా రెండు పట్టీలు. పొద్దు గూకాక కాసేపు రెండు ముక్కల చిన్న కూత కూస్తుంది. పట్టపగలు వేరుశనగ చేలో దాన్ని చూశానంటే, చూసింది మరొకటని చెప్పడానికి ఫొటో కూడా అక్కర్లేదు.

దాన్ని శాస్త్రానికి పరిచయం చేసినవాడు కూడా ఇల్లు వదిలి వచ్చినవాడే. టి.సి. జెర్డాన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో ఉద్యోగం చేస్తూ చుట్టుపక్కల పిట్టలన్నీ సేకరించాడు. నెల్లూరుకు పడమటి కొండల్లోనూ కడప ప్రాంతంలోనూ ఈ పిట్ట ఆయనకు దొరికింది. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లిత్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. జెర్డాన్‌లో నాకు నచ్చేది మరొకటి. చూసిన ప్రతి పిట్టకూ ఊళ్లోవాళ్లు ఏమంటారో అడిగి రాసుకున్నాడు. 1862-64 మధ్య వచ్చిన ఆయన భారతదేశపు పక్షుల గ్రంథం నిండా తెలుగు పేర్లుంటాయి. ఈ కోర్సర్‌కు ఆయన రాసుకున్న తెలుగు పేరు 'అడవి వుత్తతిత్తి'. అంటే పిట్టలు పట్టేవాళ్లకు అది అప్పటికే బాగా తెలుసు, పేరు పెట్టుకునేంతగా. పసుపు గొంతు పిగిలిపిట్టను లోకానికి చెప్పిందీ జెర్డానే. బండరాళ్ల గుట్టల్లో తప్ప బతకని ఈ పిట్టకు ఆయన రాసుకున్న పేరు కొండ పొద పిగిలి.

ఆ తరవాత కలివికోడి అక్కడొకసారి ఇక్కడొకసారి కనపడింది. గోదావరి లోయలో భద్రాచలం, సిరొంచ ప్రాంతాల్లో బ్లాన్‌ఫోర్డ్ చూశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్‌కు కనపడింది. అంతే, మాయం. తరవాత వెతికినవాళ్లకు దొరకలేదు. అంతరించిపోయిందనే రాసేశారు. పిట్ట రాత్రిదైతే పగలు వెతికి ఏం లాభం? ఆ సంగతి పుస్తకాల్లో ఉండేది కాదు.

1985లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చాడు. అడవిలో ఒంటరిగా తిరగడంతో సరిపెట్టక, పిట్ట బొమ్మలు పట్టుకుని పల్లెలన్నీ తిరిగి, వేటగాళ్లను, కట్టెలు కొట్టేవాళ్లను, కాపరులను అడిగాడు. చూశామన్నవాళ్లు దొరికారు, ఆ పిట్టను కలివికోడి అంటామని కూడా చెప్పారు. 1986 జనవరిలో సిద్ధవటం, బద్వేలు మధ్య లంకమల కొండల దిగువన, రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అనే పిట్టలవేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒకదాన్ని ప్రాణాలతో పట్టేశాడు. కబురు బొంబాయికి చేరింది. తొంభైకి దగ్గర పడుతున్న పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఆ పిట్ట కోసం కడపకు బయలుదేరి వచ్చాడు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. ఎనభై ఆరేళ్లు లోకానికి కనపడని పిట్ట లంకమల పల్లెలవాళ్లకు ఎన్నడూ కనపడకుండా పోలేదు. ఊరివాళ్లను అడగాలని వెతికేవాళ్లకు తోచడానికే అన్నేళ్లు పట్టింది.

తరవాతి కథలో కూడా నేలే సాక్ష్యం చెప్పింది. పి. జెగనాథన్, రైస్ గ్రీన్ తదితరులు 2000 తరవాత పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారాక వాటి మీది అడుగుల ముద్రలు చదివి, పిట్ట ఎక్కడెక్కడ తిరుగుతోందో తేల్చారు. మూడు వేళ్ల ముద్ర చాలు, పిట్టను బెదరగొట్టే పనే లేదు. మరోవైపు తెలుగుగంగ కాలవ పనులు ఆ ముళ్లపొదలనే తవ్వేయడం మొదలుపెట్టాయి. గొడవై కాలవ దారి మార్చాల్సి వచ్చింది. కడప ముళ్లకంప ఎవరికీ అడవిలా కనపడదు కాబట్టే దాన్ని తవ్వడం అంత తేలిక. పరాయి ఊరికి వెళ్లే పక్షిప్రేమికులు కూడా పచ్చగా ఉన్న చోటికే పరుగెడతారు, బీడును దాటేసి పోతారు. రాయలసీమలో ఆ అలవాటు పనికిరాదు.

ఇంటి పిట్టలతో పోల్చుకోవడం గొప్ప సాధనం అన్నాను. దానికి హద్దు కూడా ఉంది. అమెరికాకు వలసపోయిన ఇంగ్లండువాళ్లు ఎర్రరొమ్ము పిట్టను చూసి, ఇంటి దగ్గరి రాబిన్ గుర్తొచ్చి దాన్నీ రాబిన్ అనేశారు. అది వేరే కుటుంబపు పిట్ట, ఒళ్లు కూడా చాలా పెద్దది. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. రొమ్ము రంగు కలిసింది, మిగతా ఏదీ కలవలేదు. మన దేశంలో పాలపిట్టను బ్లూ జే అన్నదీ ఆ వరసే. దీనికి ఎదురు కథ మెల్‌బోర్న్‌లో ఉంది. ఇక్కడి నుంచి వెళ్లిన తెలుగువాళ్లు అక్కడి పార్కులో గోరింకను చూసి మనవాడే అని మురిసిపోతారు. 1860ల్లో పురుగులను తింటుందని తెచ్చి వదిలితే, అది అక్కడి పిట్టల గూళ్ల తొర్రలు ఆక్రమించి ఇప్పుడు పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. పరాయి దేశంలో తెలిసిన పిట్ట కనపడితే, ఇది ఇక్కడికెలా వచ్చిందని అడగడం మంచిది.

కల్లూరు నుంచి నందికొట్కూరు వైపు, ఒక పూటలో వెళ్లిరాగలిగినంత దూరంలో రోళ్లపాడు ఉంది. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఇక్కడ మకాం పెట్టి బట్టమేక పిట్టను అధ్యయనం చేశారు. 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేలను అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తుండే ఆ భారీ పక్షి ఇప్పుడు దేశమంతా కలిపినా నూటయాభైకి అటూ ఇటూ మాత్రమే మిగిలింది. దాన్ని చూద్దామని రోళ్లపాడుకు వెళ్లేవాళ్లు ఉత్తచేతులతో తిరిగివస్తారు. గడ్డి మీద ఇంకా వేరేవి ఉన్నాయి. చలికాలంలో మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి పిల్లిగద్దలు వస్తాయి. పగలంతా గడ్డికి కాస్త పైన తేలుతూ మిడతలు పట్టి, సాయంత్రం గుంపుగా గడ్డిలోనే దిగి నిద్రపోతాయి. గద్ద చెట్టు మీదే పడుకుంటుందని అనుకునే మనకు అదొక విడ్డూరం. వానాకాలంలో నేలనెమలి వచ్చే చోటు కూడా ఇదే. గడ్డి మధ్యలోంచి మగపిట్ట ఉన్నట్టుండి ఎగిరి, కళ్ల ముందే దబ్బున లోపలికి పడిపోతుంది. ఆడపిట్ట కంట పడాలని రోజుకు వందలసార్లు అలా గెంతుతుంది.

అయితే పరాయివాడికి ఉన్నది మాత్రమే కనపడుతుంది, లేనిది ఎన్నటికీ కనపడదు. రోళ్లపాడు గడ్డిలో ఇవాళ నిలబడినవాడికి అక్కడ లోటేమీ తెలియదు. ఆ లోటు తెలిసినవాళ్లు చుట్టుపక్కల గొర్రెలు కాసి తలనెరిసినవాళ్లు. కాబట్టి వెళ్లేటప్పుడు నోటుబుక్కుతోపాటు కాస్త తీరిక కూడా తీసుకెళ్లండి. "ఇక్కడ ఏ పిట్టలున్నాయి పెద్దాయనా?" అంటే కాకులు, గువ్వలు, కౌజులు అని చెప్పి గొర్రెల వెంట పోతాడు; అతని దృష్టిలో అది అడగాల్సినంత ప్రశ్నే కాదు. బట్టమేకను ఆఖరుసారి ఏ ఏట చూశావు, ఎవరి చేలో, అప్పుడు ఆ చేలో ఉన్నది జొన్నా కొర్రా, ఆ తరవాత అక్కడ వేసిన పంటేమిటి అని అడగండి. చెట్టు నీడ ఉంటే కూర్చుని చెబుతాడు.